కాపలా కుక్కకు టీకా: మన ఆవుకు, మన ఇంటికి అదే కంచె

జీవామృతం, కషాయాలు, నవధాన్యాల గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి మాట్లాడుకోబోయేది చేను గట్టు మీద పడుకుని ఉండే మన కాపలా కుక్క గురించి, ధాన్యం గదిలో ఎలుకల్ని పట్టే పిల్లి గురించి. "ప్రకృతి సేద్యానికీ కుక్కకు వేసే సూదికీ ఏంటి సంబంధం?" అని మీరు అడగొచ్చు. నేనూ అట్టానే అనుకున్నా. ఆ మాటకు నేను ఒక ఆవును పోగొట్టుకున్నా. ఇంకొంచెం ఉంటే మనుషుల్నే పోగొట్టుకునేవాణ్ణి. అందుకే ఇది రాస్తున్నా. చివరిదాకా చదవండి, పైన పెట్టిన వీడియో కూడా ఇంట్లో అందరితో కలిసి చూడండి.

మా కొట్టంలో జరిగింది

మాది నెల్లూరు జిల్లా చేజర్ల మండలం. పెన్న పక్కన వరి కయ్యలు, పైన మెట్టలో నిమ్మతోట. రాత్రిళ్లు అడవి పందుల బెడద ఉంది కాబట్టి తోటలో కుక్క లేకపోతే జరగదు. మా కుక్క పేరు నల్లోడు. ఒక్క పందిని కూడా గట్టు దాటనిచ్చేవాడు కాదు. చంటిపిల్లలు చెవులు పట్టి లాగినా కిక్కురుమనేవాడు కాదు.

పశువుల ఆసుపత్రిలో కుక్కలకు టీకాలు వేస్తున్నారని తెలిసినా నేను తీసుకెళ్లలేదు. "మనం చేలోనే మందు కొట్టం, కుక్క ఒంట్లోకి మందు ఎందుకు? మన కుక్క ఎవర్నీ కరవదు గదా" అన్నా. ఆ రెండు మాటలూ తప్పే. ఎందుకు తప్పో కింద చెప్తా.

ఆ ఏడు కోతలయ్యాక పెంట కోసం పొలంలో గొర్రెల మంద పెట్టించాం. మంద వెంట కుక్కలు వస్తాయి, ఆ కుక్కల వెంట ఎక్కడెక్కడి కుక్కలో వస్తాయి. ఒక రాత్రి ఊరూ పేరూ తెలియని కుక్క ఒకటి నల్లోడి మీద పడింది. తెల్లారి చూస్తే చెవి దగ్గర గాయం. పసుపు రాసి వదిలేశాం. గాయం మానింది, మేం మర్చిపోయాం.

నెల దాటాక నల్లోడి తీరు మారింది. పిలిస్తే రాడు, మంచం కింద చీకట్లో నక్కి పడుకుంటాడు. అన్నం ముట్టలేదు. ఒకరోజు పొద్దున్నే ఉన్నట్టుండి లేచి కట్టేసిన ఆవు మూతి పట్టుకున్నాడు. కర్ర తీసుకుంటే వదిలి పరుగెత్తాడు. రెండు రోజుల తర్వాత కాలవ గట్టున చచ్చిపడి ఉన్నాడు. పాము కరిచిందేమో అనుకున్నాం. ఆవు మూతి మీద చిన్న గాట్లే కాబట్టి దాన్నీ పట్టించుకోలేదు.

మరో ఐదారు వారాలకు ఆవు మేత మానేసింది. నోట్లోంచి చొంగ తీగలా కారుతోంది. నీళ్ల దగ్గరికి వస్తుంది, మింగలేదు. గొంతు బొంగురుపోయి అదే పనిగా అరుస్తోంది. నిమ్మకాయో, తాటి టెంకో గొంతుకు అడ్డం పడి ఉంటుందని నేను మోచేయి దాకా నోట్లో చెయ్యి పెట్టి వెతికా. మా నాయన తల పట్టుకున్నాడు, పక్క చేను అన్న కొమ్ములు పట్టుకున్నాడు. ఏమీ దొరకలేదు.

సాయంత్రం పశువైద్యుడు వచ్చాడు. కుర్రవాడే. దూరం నుంచి ఆవును రెండు నిమిషాలు చూసి అడిగాడు: "అన్నా, ఈమధ్య దీన్ని కుక్క ఏమన్నా కరిచిందా?"

నా గుండె జారిపోయింది. చెప్పా.

"నోట్లో చెయ్యి పెట్టారా?"

"పెట్టా సార్."

"ముందు పోయి ఆ చెయ్యి సబ్బుతో కడగండన్నా. పావుగంట కడగాలి. తర్వాత మాట్లాడదాం."

ఆవు మూడోరోజు పోయింది. నేను, మా నాయన, కొమ్ములు పట్టుకున్న అన్న, పాలు పితికిన నా భార్య, నలుగురం వెళ్లి టీకాలు వేయించుకున్నాం. నా వేళ్ల మీద నిమ్మ ముళ్లు గీసుకున్న గాట్లు ఉన్నాయి, అందుకని నాకు టీకాతో పాటు ఇంకో మందు కూడా వేయాలన్నారు. నెల రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. కుక్కకు ఏడాదికి ఒక్క సూది వేయించి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

టీకా వేస్తే ప్రకృతి సేద్యం చెడిపోతుందా?

మన రైతుల్లో చాలామంది అడిగే ప్రశ్న ఇది. సూటిగా చెప్తున్నా: చెడిపోదు.

విత్తనం వేసే ముందు బీజామృతంతో శుద్ధి ఎందుకు చేస్తాం? తెగులు వచ్చాక పరుగెత్తకుండా, మొలకకు ముందే బలం ఇవ్వడానికి. టీకా చేసేదీ దాదాపు అదే. కుక్కలకు మన దగ్గర వేసే రేబిస్ టీకాలో చంపేసిన వైరస్ ఉంటుంది. అది జబ్బు తేలేదు. కుక్క ఒంట్లోని రక్షణ వ్యవస్థకు "ఈ దొంగ ముఖం ఇట్టా ఉంటుంది" అని గుర్తు చూపిస్తుంది, అంతే. తర్వాత నిజం వైరస్ వస్తే కుక్క తన సొంత బలంతోనే దాన్ని అడ్డుకుంటుంది. పురుగుమందులా అది నేలలోకి, నీళ్లలోకి, పంటలోకి చేరదు.

ప్రకృతి సేద్యమంతా ఆవు చుట్టూ తిరుగుతుంది. పేడ, మూత్రం లేకపోతే ఘనజీవామృతం లేదు, ద్రవజీవామృతం లేదు. ఆ ఆవు పక్కనే పగలూ రాత్రీ తిరిగేది కుక్క. కాబట్టి కుక్కకు టీకా వేయించడం అంటే ఆవు కొట్టానికి కంచె వేయడమే.

ఇక "మన కుక్క ఎవర్నీ కరవదు" అన్న మాట. నల్లోడు కూడా ఎవర్నీ కరవలేదు, వాణ్ణి వేరే కుక్క కరిచేదాకా. రేబిస్ వచ్చాక అది మనం పెంచిన కుక్కలా ఉండదు.

రేబిస్ ఎట్టా పని చేస్తుంది?

పిచ్చికుక్క చొంగలో వైరస్ ఉంటుంది. కాటు ద్వారా, లేదా పుండు మీద, కంట్లో, నోట్లో చొంగ పడడం ద్వారా ఒంట్లోకి చేరుతుంది. అక్కణ్ణుంచి రక్తంలో కాదు, నరాల వెంట నెమ్మదిగా మెదడు వైపు పోతుంది. కాలి మీద కరిస్తే దూరం ఎక్కువ, ముఖం మీద కరిస్తే తక్కువ. అందుకే కొందరికి వారాల్లో, ఎక్కువమందికి ఒకటి నుంచి మూడు నెలల్లో, అరుదుగా ఏడాది దాటాక కూడా బయటపడుతుంది. మెదడు చేరాక మళ్లీ నరాల వెంటే చొంగ గ్రంథుల్లోకి దిగుతుంది. అప్పుడు ఆ జంతువు కరిస్తే ఇంకొకరికి అంటుకుంటుంది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. వైరస్ దారిలో ఉన్నంతసేపే మనకు గడువు. లక్షణాలు మొదలయ్యాక మనిషిని గానీ, గొడ్డును గానీ బతికించే మందు ఏ వైద్యంలోనూ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్‌తో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారు. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల ద్వారానే. చనిపోయేవారిలో 40 శాతం దాకా 15 ఏళ్ల లోపు పిల్లలు. పిల్లలు కుక్కతో ఆడతారు, గీరితే ఇంట్లో చెప్పరు. అందుకే పిల్లలున్న ఇంట్లో టీకా లేని కుక్క ఉండకూడదు.

పసరు మందు పని చేసిందని ఎందుకు అనిపిస్తుంది?

మన పల్లెల్లో కుక్క కరిస్తే పసరు పోయించుకుని పత్యం ఉండడం ఉంది. గాయానికి కారం, సున్నం, పసుపు పెట్టడం ఉంది. నేను ఆకుల్ని నమ్మేవాణ్ణి. వేప, సీతాఫలం, జిల్లేడు ఆకులతోనే నా చేలో పురుగును ఆపుతున్నా. కాబట్టి ఈ మాట ఎగతాళిగా చెప్పడం లేదు.

కరిచిన కుక్కలన్నింటికీ రేబిస్ ఉండదు. మామూలు కుక్క కరిచిన పదిమంది పసరు తాగితే పదిమందీ బాగుంటారు. తాగకపోయినా బాగుండేవాళ్లే. పేరు మాత్రం పసరుకు వస్తుంది. నిజంగా పిచ్చికుక్క కరిచి, వైరస్ మెదడు చేరితే ఆ పసరు ఆపలేదు. అప్పుడు "పత్యం తప్పాడు" అంటారు. ఇట్టా ఆ మందు మీద నమ్మకం పోదు, మనిషి మాత్రం పోతాడు. గాయంలో కారం, సున్నం పెడితే ఇంకా చెరుపే, గాయం రేగి వైరస్ లోపలికి పోతుంది.

ఆవులో, బర్రెలో, జీవాల్లో ఎట్టా ఉంటుంది?

ఇది ప్రతి రైతుకూ తెలిసి ఉండాలి.

- మేత, నీళ్లు మానేయడం, మింగలేకపోవడం
- నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ
- బొంగురు గొంతుతో అదే పనిగా అరవడం
- కొన్ని గొడ్లు మనిషి మీదికి, గోడ మీదికి దూకడం, కొమ్ములు విరిగేలా కుమ్మడం
- కొన్ని ఎదకొచ్చినట్టు ప్రవర్తించడం, మాటిమాటికీ మూత్రానికి ముక్కడం
- వెనక కాళ్లు తడబడి, చివరికి కూలబడిపోవడం

అన్నీ ఒకేసారి కనపడాలని లేదు. కొన్ని గొడ్లు అసలు ఎగరవు, మౌనంగా పక్షవాతం వచ్చినట్టు పడిపోతాయి. అందుకే "పిచ్చెక్కితే తెలీదా" అనుకోవద్దు.

అందుకని ఒక నియమం పెట్టుకోండి: చొంగ కారుస్తూ మింగలేని గొడ్డు నోట్లో ఒట్టి చెయ్యి పెట్టొద్దు. నిజంగానే ఏదో అడ్డం పడి ఉండొచ్చు. అయినా డాక్టర్ వచ్చేదాకా ఆగండి.

మా ఇంట్లో అప్పుడు పుట్టిన సందేహాలు మీకూ వస్తాయి, కాబట్టి వాటికి జవాబులు:

*పాల సంగతేంటి?* అనుమానం ఉన్న గొడ్డు పాలు పితకొద్దు, తాగొద్దు, దూడకూ వదలొద్దు. కాచిన పాలలో వైరస్ బతకదు. ముందే కాచి తాగేసి ఉంటే హడలిపోవాల్సిన పని లేదు. పచ్చిపాలు తాగి ఉంటే మాత్రం డాక్టర్‌కు చెప్పండి.

*పేడ, మూత్రంతో చేసిన జీవామృతం పారబోయాలా?* రేబిస్ పేడ ద్వారా, మూత్రం ద్వారా అంటదు. అది చొంగ జబ్బు. డ్రమ్ములో ఉన్న జీవామృతం గురించి భయం వద్దు. కుడితి తొట్టి, పలుపు, మేత గాడి మాత్రం చేతికి తొడుగు వేసుకుని సబ్బు నీళ్లతో, బ్లీచింగ్‌తో కడిగి ఎండలో పెట్టండి. సబ్బుకు, ఎండకు ఈ వైరస్ నిలబడదు.

*చచ్చిన గొడ్డును ఏం చేయాలి?* తోలు తీయించొద్దు, తల కోయించొద్దు, కుక్కలకు వదలొద్దు. లోతుగా గుంట తీసి పూడ్చాలి. గొర్రె, మేక అయినా అంతే. "చచ్చేలోపు కోసేద్దాం" అన్న ఆలోచన అసలు వద్దు.

కుక్కకు ఏ టీకా, ఎప్పుడు?

*రేబిస్ టీకా:*
- పిల్లకు 3 నెలల వయసులో మొదటి సూది
- నెల రోజులకు బూస్టర్
- ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఒకటి, తేదీ తప్పకుండా

పెద్ద కుక్కకు ఇంతవరకు వేయించకపోయినా ఫర్వాలేదు, ఏ వయసులోనైనా మొదలుపెట్టొచ్చు. వేసిన మరుసటి రోజే రక్షణ వచ్చేయదు. ఒంట్లో బలం తయారవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి మంద వచ్చే ముందో, పక్కూళ్లో పిచ్చికుక్క తిరిగిందని విన్నాకో కాదు, అంతకు చాలా ముందే వేయించాలి.

*కలిపి వేసే టీకా:* మందుల షాపుల్లో దీన్ని ఏడు జబ్బుల టీకా, తొమ్మిది జబ్బుల టీకా అంటుంటారు. ఇందులో పార్వో, డిస్టెంపర్, కాలేయ వాపు, లెప్టో వంటి జబ్బులకు రక్షణ ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున నాలుగు నెలల వయసు దాకా, తర్వాత డాక్టర్ చెప్పినట్టు.

పల్లెల్లో ఈనిన కుక్కపిల్లలు రక్తపు విరేచనాలతో వరసగా చచ్చిపోవడం చూసే ఉంటారు. చాలావరకు అది పార్వో. అది మనుషులకు అంటదు.

లెప్టో మాత్రం రైతులకు సంబంధించినదే. ఎలుకల మూత్రం ద్వారా వరి కయ్యల నీళ్లలో చేరి, కాళ్ల పగుళ్లలోంచి మనకూ వచ్చే ఎలుక జ్వరం అదే. కుక్కకు వస్తే దాని మూత్రంలోనూ ఆ సూక్ష్మజీవి వస్తుంది. కయ్యల్లో తిరిగే కుక్కకు ఈ టీకా వేయిస్తే మంచిది.

పిల్లిని మర్చిపోవద్దు

పిల్లికీ రేబిస్ వస్తుంది, పిల్లి ద్వారా మనకూ వస్తుంది. రాత్రంతా బయట తిరిగి పొద్దున పిల్లల పక్కలో పడుకునేది అదే. రేబిస్ టీకా దానికీ 3 నెలలకు, తర్వాత ఏటా వేయించాలి. పిల్లుల్లో వాంతులు, విరేచనాలతో పిల్లల్ని చంపే జబ్బు ఒకటుంది, దానితో పాటు పిల్లి జలుబు జబ్బులకూ కలిపి ఒక టీకా ఉంది. ఎనిమిది తొమ్మిది వారాల వయసులో మొదటిది, మూడు నాలుగు వారాలకు రెండోది. ఇది చిన్న ఊళ్లలో దొరక్కపోవచ్చు, ముందే అడిగి తెప్పించుకోవాలి.

పిల్లిని సంచిలో, గాలాడే బుట్టలో తీసుకెళ్లండి. చేతుల్లో పట్టుకెళితే ఆసుపత్రి దగ్గర కుక్కను చూసి గీరి పారిపోతుంది.

టీకా వేయించే ముందు, తర్వాత

1. వారం పది రోజుల ముందు నులిపురుగుల మందు తాగించండి. కడుపులో పురుగులున్న పిల్లకు టీకా బలం సరిగ్గా అందదు.
2. జ్వరం, విరేచనాలు ఉంటే ఆగండి. కోలుకున్నాక వేయించండి. చూడి కుక్క అయితే డాక్టర్‌కు ముందే చెప్పండి.
3. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. షాపులో కొని తీసుకెళ్లేటప్పుడు ఐస్ పెట్టిన డబ్బాలో పెట్టించుకోండి. నెల్లూరు ఎండలో మోటారు సైకిల్ డిక్కీలో గంట పెడితే అది పనికిరాదు. డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించినా పాడవుతుంది.
4. మెత్తని గుడ్డతో మూతికి ముడి వేసి, మచ్చికైన మనిషే పట్టుకోవాలి. ఎట్టా వేయాలో వీడియోలో చూపించాం.
5. సూది వేశాక అరగంట అక్కడే ఉండండి. ముఖం వాయడం, ఆయాసం అరుదుగా వస్తాయి, వస్తే డాక్టర్ దగ్గరే ఉంటారు. ఒకటి రెండు రోజులు కాస్త మందకొడిగా ఉంటే అది మామూలే.
6. టీకా కార్డు అడిగి తీసుకోండి. దాని మీద వేసిన తేదీ, మళ్లీ వేయాల్సిన తేదీ రాయించండి. పాసు పుస్తకం పెట్టే చోటే పెట్టండి.

ఎక్కడ వేయిస్తారు?

మండలంలోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో అడగండి. గ్రామ పశుసంవర్ధక సహాయకుడికి చెబితే ఎప్పుడు స్టాకు వస్తుందో చెప్తారు. గొడ్లకు అత్యవసరమైతే సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయొచ్చు.

రెండు తేదీలు గుర్తుంచుకోండి. జూలై 6, ప్రపంచ జూనోసిస్ దినం. 1885లో అదే రోజున ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి టీకా వేయించాడు, పిల్లవాడు బతికాడు. ఆ రోజున మన రాష్ట్రంలో పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. రెండోది సెప్టెంబర్ 28, పాశ్చర్ చనిపోయిన రోజు, ప్రపంచ రేబిస్ దినం. మీ కుక్క టీకా తేదీని జూలై 6కు పెట్టుకుంటే ఏటా మర్చిపోరు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు: ఆ రోజులు పోయాయి

మన పెద్దవాళ్లు ఆసుపత్రి అంటే జంకడానికి కారణం ఉంది. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో పిచ్చికుక్క కాటుకు వైద్యం అంటే నీలగిరి కొండల్లోని కూనూరు. 1907లో అక్కడ పాశ్చర్ సంస్థ మొదలైంది. తర్వాత గొర్రె మెదడుతో తయారైన టీకా జిల్లాల్లోకి వచ్చింది. అదే బొడ్డు చుట్టూ వేసిన సూదులు. నొప్పి, వాపు, కొందరికి నరాల సమస్యలు. ఆ భయంతోనే జనం పసరు వైపు పోయారు.

ఆ టీకా తయారీని మన దేశంలో 2004 చివర్లో ఆపేశారు. ఇప్పుడు మనుషులకు వేసేది కణాల్లో పెంచి, చంపిన వైరస్‌తో చేసే టీకా. చేతి మీద, నాలుగైదు సార్లు, అంతే. మనుషుల టీకా, కుక్కల టీకా రెండూ మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ తయారు చేస్తోంది. ఇది జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో పెట్టిన సంస్థ.

కరిస్తే ఏం చేయాలి?

*మనిషిని కరిస్తే, గీరితే, పుండు మీద నాకితే:*
- వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. చేలో ఉంటే బోరు మోటారు వేయండి. మొదటి మందు ఇదే.
- కట్టు కట్టొద్దు, కుట్లు వేయించుకోవద్దు, ఏమీ రాయొద్దు. అయోడిన్ మందు ఉంటే పూయొచ్చు.
- అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. తోలు కిందికి వేసే పద్ధతిలో మొదటి రోజును 0 అనుకుంటే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండకు వేస్తే 14వ రోజు కూడా ఉంటుంది. ఒక్కటీ మానొద్దు.
- రక్తం వచ్చిన కాటుకు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. అది పెద్దాసుపత్రిలో దొరుకుతుంది. నాకు వేసింది ఇదే.
- కరిచింది టీకా వేసిన సొంత కుక్కైనా డాక్టర్‌కు చూపించాల్సిందే. కుక్కను చంపొద్దు, కట్టేసి 10 రోజులు గమనించండి. అది బాగుందా లేదా అన్నది మీ వైద్యానికి పనికొచ్చే సమాచారం. అట్టా అని ఆ పది రోజులూ మీ టీకా ఆపుకుని కూర్చోవద్దు.

*ఆవును, బర్రెను, గొర్రెను కరిస్తే:* చేతికి తొడుగు వేసుకుని గాయాన్ని అట్టానే సబ్బుతో కడగండి. అదే రోజు పశువైద్యుడికి చెప్పండి. కాటు తర్వాత గొడ్లకు కూడా టీకా వేస్తారు, మామూలుగా 0, 3, 7, 14, 28 రోజుల్లో. మా ఆవు మూతి కొరికిన రోజే ఇది నాకు తెలిసి ఉంటే దానికి ఒక అవకాశం దక్కేది.

*టీకా వేసిన మీ కుక్కను అనుమానం ఉన్న కుక్క కరిస్తే:* అయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి బూస్టర్ వేయించండి. ఆయన చెప్పినన్ని రోజులు కట్టేసి ఉంచండి.

ఒక్క ఇల్లు చాలదు, ఊరంతా కలవాలి

చేలో నేనొక్కణ్ణే కషాయం కొట్టి, చుట్టూ చేలల్లో పురుగు పెరుగుతుంటే ఏమవుతుందో మనకు తెలుసు. ఇదీ అంతే. ఊళ్లో ఉన్న కుక్కల్లో 70 శాతానికి ఏటా టీకా పడితే వైరస్‌కు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు పోయే దారి తెగిపోతుందని ప్రపంచమంతా తేలిన లెక్క. ఊళ్లో వంద కుక్కలుంటే డెబ్బై.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. గోవాలో ఇంటింటికీ తిరిగి, వీధి కుక్కల్ని వలలతో పట్టి ఏటా టీకాలు వేశారు. కుక్కల్లో రేబిస్ 92 శాతం తగ్గింది, మనుషుల మరణాలు ఆగాయి. 2021లో ఆ రాష్ట్రాన్ని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. కుక్కల నుంచి వచ్చే రేబిస్‌ను 2030కల్లా లేకుండా చేయాలని కేంద్రం కూడా 2021లో ప్రణాళిక పెట్టుకుంది.

కుక్కల్ని విషం పెట్టి చంపితే పోతుందని కొందరంటారు. అది చట్టప్రకారం నేరం. పైగా, చంపిన చోటికి టీకా లేని కొత్త కుక్కలు వచ్చి చేరతాయి. టీకా వేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన కుక్క ఊళ్లో ఉంటే అదే బయటి కుక్కల్ని రానివ్వదు. వీధి కుక్కల బాధ్యత పంచాయతీది. మనం అడగాలి.

మన రైతు సంఘాలు ఏం చేయొచ్చో నా ఆలోచన:

- సంఘం మీటింగులో విత్తనాల లిస్టు రాసినట్టు కుక్కల లిస్టు రాయండి. ఎవరింట్లో ఎన్ని, టీకా పడిందా లేదా.
- 20, 30 కుక్కలు తేలితే పశువైద్యుణ్ణి ఊళ్లోకే పిలవండి. ఒక్క పూటలో అయిపోతుంది.
- అన్నం పెడుతున్నారు కదా అని వీధి కుక్కను కూడా ఎవరో ఒకరు తమ పేరు మీద రాయించుకోండి. మచ్చికైన మనిషి చేతికే అది దొరుకుతుంది.
- మంద పెట్టించేటప్పుడు గొర్రెల కాపరిని "కుక్కలకు సూదులు పడ్డాయా అన్నా?" అని అడగండి. పడకపోతే మన ఊళ్లో వాటికీ వేయించండి. వాళ్లు ఊరూరూ తిరిగేవాళ్లు, వాళ్ల కుక్కలు బాగుంటే పది ఊళ్లు బాగుంటాయి.
- బడిలో పిల్లలకు ఒక్క మాట చెప్పించండి: కుక్క గీరినా ఇంట్లో చెప్పాలి, ఎవరూ తిట్టరు.

ఇప్పుడు మా తోటలో మళ్లీ ఒక కుక్క ఉంది. మూడు నెలలు నిండిన రోజునే సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లా. దాని కార్డు మా పాసు పుస్తకంలో ఉంది. కొట్టంలో కొత్త ఆవు ఉంది. రాత్రి కుక్క మొరిగితే పంది వచ్చిందేమో అని లైటు వేసి చూస్తా, వెనకటిలా పసుపు రాసి వదిలేయను. పొద్దున్నే కుక్క ఒళ్లంతా తడిమి గాయం ఉందేమో చూసుకుంటా.

ఈ వారంలో ఒక పని చేయండి. మీ కుక్కకు, మీ పిల్లికి ఆఖరిసారి టీకా ఎప్పుడు పడిందో ఇంట్లో అడగండి. ఎవరికీ గుర్తు రాకపోతే, పడలేదనే లెక్క. రేపు పొద్దున్నే పాలు పోసి వచ్చేటప్పుడు పశువుల ఆసుపత్రి దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

మీ ఊళ్లో కుక్కలన్నింటికీ టీకాలు వేయించి ఉంటే, ఎట్టా చేశారో మాకు చెప్పండి, పది ఊళ్లకు చెబుదాం. ఈ మాట తెలియని రైతు ఒక్కరికైనా వినిపించండి.